ఇంకా ఎన్ని రోజులు, ఎలిశబెతమ్మా?

ఆ గురువారం పొద్దున ఎలిశబెతు వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండు గంటలకల్లా ఆసుపత్రిలో సూదులూ కట్లూ ముగించుకుని, ఒంటిగంట బస్సుకు నాయుడుపేట పోయి, మిక్సీ జారుకు మూత కొనుక్కురావాలి. పాత మూత పగిలి మూడు వారాలైంది. అప్పట్నుంచి పచ్చడి రుబ్బినప్పుడల్లా జారు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ప్రమాదాల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే నర్సు ఇంట్లో చేసే నిర్వాకం అది.

చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే ఉప్పుగుంటపాలెం వస్తుంది. ఒకపక్క రొయ్యల గుంటలు, ఇంకోపక్క సరుగుడు తోపులు, మధ్యలో ఆరు మంచాల ఆసుపత్రి, దాని వెనక చర్చి. పద్దెనిమిదేళ్లుగా ఆ ఊళ్లో పుట్టిన బిడ్డల్ని ముందుగా ఎత్తుకున్నది ఎలిశబెతే. ఆ చేతుల మీద జనానికి ఎంత నమ్మకమంటే, డాక్టరు రాసిచ్చిన మందైనా ఒకసారి ఆమెకు చూపించుకుని గానీ మింగరు.

పదిన్నరకు ఒక లారీ డ్రైవరు అరచెయ్యి చించుకుని వచ్చాడు. రొయ్యల పెట్టె రేకు కోసుకుందట. ఈ ప్రాంతం మనిషి కాదు. మీసాలు చెవులదాకా ఉన్నాయి గానీ సూదిని చూడగానే ముఖం పాలిపోయింది. మూడు కుట్లదాకా కళ్లు మూసుకుని ఓర్చుకున్నాడు. నాలుగో కుట్టు దగ్గర చెయ్యి విదిలించాడు. నెత్తురంటిన సూది గ్లౌజును పొడుచుకుని ఆమె ఎడమ బొటనవేలిలో దిగబడింది.

ఆమె కుళాయి కింద సబ్బుతో వేలు కడుక్కుని, పక్క గదిలోంచి డాక్టరు వినీలను పిలుచుకొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గేటు బయట లారీ కూడా లేదు.

"ఐసు కరిగిపోతాదని పోయినాడంట డాక్టరమ్మా," అంది ఎలిశబెతు, వరండాలో ఉన్నవాళ్లను అడిగొచ్చి.

"ఆయన రక్తం పరీక్ష చెయ్యాలి కదా! ఫోన్ నంబరు రాశాడా?"

"రాసినాడు. తొమ్మిదంకెలే ఉండాయి."

వినీలకు ఇరవై ఏడేళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. అయినా ఆ క్షణంలో ఆమె చేసిన పని పెద్దవాళ్లు కూడా అంత త్వరగా చెయ్యరు. బల్ల మీద కారు తాళం తీసుకుంది.

"పేషంట్లు కూచోనుండారే?" అంది ఎలిశబెతు.

"ఇప్పుడు పేషంటు మీరే. ఎక్కండి."

నెల్లూరు పెద్దాసుపత్రిలో ఒకామె ఓపిగ్గా అన్నీ విడమరిచి చెప్పింది. ఆ డ్రైవరుకు హెచ్ఐవీ ఉందో లేదో తెలియదు. తెలియనప్పుడు ఉన్నట్టే అనుకుని జాగ్రత్తపడాలి. రోజుకొక మాత్ర, ఇరవై ఎనిమిది రోజులు, ఒకే వేళకు. మధ్యలో ఆపితే అంతవరకూ వేసుకున్నవన్నీ దండగ. కొందరికి నిద్రలో చిత్రమైన కలలు వస్తాయి, భయపడవద్దు. ఆరు వారాలయ్యాక ఒకసారి, మూడు నెలలయ్యాక ఇంకోసారి మళ్లీ పరీక్ష. మధ్యాహ్నం రెండు గంటలకు, ఆమె ఎదురుగానే, ఎలిశబెతు మొదటి మాత్ర మింగింది.

తిరుగుదారిలో ఆమెకు రెండు భయాలు పట్టుకున్నాయి. రోగం వస్తుందేమోనన్నది ఒకటి. ఊరికి తెలుస్తుందేమోనన్నది రెండోది. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది. నాలుగేళ్ల కిందట ఆ జబ్బున్న ఒకావిడ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కాసేపు కూర్చుని వెళ్లింది. ఆ సంగతి పొక్కిన మర్నాటికల్లా ఎవరో ఆ బల్లను ఎండలోకి లాగేశారు. ఇప్పటికీ దాని మీద కాకి తప్ప ఎవరూ కూర్చోరు. బల్లకే అంత మర్యాద జరిగితే మనిషి సంగతేమిటి? ఈ చేతులతో సూది వేయించుకునేదెవరు, ఈ చేతుల్లో బిడ్డను పెట్టేదెవరు?

అందుకని భర్త సుశీల్ కుమార్‌కు కూడా చెప్పలేదు. రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరుగా చేసే ఆయన మంచివాడే గాని కడుపులో మాట దాగదు. ఇరవై ఎనిమిది రోజులు ప్రత్యేక ప్రార్థనలో ఉంటున్నానని చెప్పి చాప వేరే వేసుకుంది. మాత్రల సీసా మీది కాగితం గోటితో గీకేసి మిరియాల డబ్బా వెనక దాచింది.

మనసు మాత్రం ఎవరితోనైనా చెప్పుకోమని పోరింది. మర్నాడు తెల్లారగానే పాస్టరుగారి భార్య ఫ్లోరమ్మ దగ్గరికి పోయింది. రహస్యం కాపాడటంలో ఫ్లోరమ్మకు సాటి లేరని పేరు. ఆ పేరు పెట్టింది కూడా ఫ్లోరమ్మే.

"నా కోసరం ప్రార్థన చెయ్యండమ్మా, ఇరవై ఎనిమిది రోజులు. ఎందుకని అడగొద్దు. నా పేరు బయటికి రానీయొద్దు."

ఫ్లోరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇరవై ఎనిమిదేనా తల్లీ?"

"నిన్నటితో ఒకటి అయిపోయింది. ఇంకా ఇరవై ఏడు."

"ఇంకేం దారి లేదా?"

"ఇదొక్కటే అన్నారు నెల్లూరులో."

"నీ పేరు నా నోట రాదు," అంది ఫ్లోరమ్మ, గుండె మీద చెయ్యి వేసుకుని. ఆ మాట ఆమె చివరిదాకా నిలబెట్టుకుంది. వచ్చిన చిక్కంతా అక్కడే.

మూడో రోజు నుంచి కలలు మొదలయ్యాయి. ఊళ్లో చనిపోయినవాళ్లంతా ఆసుపత్రి వరండాలో వరసగా కూర్చుని ఆమెనే చూస్తుంటారు. ఒక్కరూ మాట్లాడరు. ఎవరికి ఏ రోగమో ఆమెకు గుర్తే, ఎవరికి ఎన్నింటికి ప్రాణం పోయిందో కూడా గుర్తే. "ఏం కావాలి?" అని అడిగితే అందరూ ఒకేసారి పక్కకు జరిగి బల్ల మీద చోటు చూపిస్తారు. ఆమె ఉలిక్కిపడి లేచేది. మాత్రల ప్రభావమేనని తనకు తానే చెప్పుకుని మొహం కడుక్కునేది.

ఐదో రోజు తెల్లారి వాకిలి ఊడవడానికి తలుపు తీసింది. చలి తగ్గినా మంచు వదలలేదు. గుంటల్లో నీళ్లు చిలికే చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినపడడం లేదు. రోడ్డుకు అవతల ఎవరో నిలబడి ఉన్నారు. తెల్లచీర, తలమీదుగా ముసుగు. ముఖం సరిగ్గా ఆమె గుమ్మం వైపే ఉంది. పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు.

"ఎవరమ్మా అదీ?" అంది ఎలిశబెతు.

ఆ మనిషి నిదానంగా వెనక్కి తిరిగి మంచులో కలిసిపోయింది. ఎలిశబెతు చీపురు గుండెలకు హత్తుకుని లోపలికి వచ్చేసింది. మర్నాడు అదే వేళకు మళ్లీ ఒక తెల్లచీర. అయితే ఈసారి మనిషి పొట్టి. ఆ మర్నాడు తెల్లచొక్కా వేసుకున్న మగమనిషి. ఎత్తు మారుతోంది, నిలబడే చోటు మాత్రం మారడం లేదు.

ఆ ఏడో రోజే చేపల చెంచులక్ష్మి వచ్చింది. చెంచులక్ష్మి ఇంటింటికీ తిరిగి చేపలమ్మే మనిషి. తూకంలో మొప్ప ముక్క కూడా ఎక్కువ వెయ్యదని ఆమెకు పేరు. అలాంటిది తట్ట దించి, లావుపాటి వంజరం ముక్కలు నాలుగు తీసి గిన్నెలో వేసింది.

"ఇంత వద్దక్కా."

"ఊరకనే ఇస్తుండాలే. తిను తల్లీ, తిను. ఇంకా ఇరవై రెండే గదా."

"ఇరవై రెండేంది?"

చెంచులక్ష్మి నాలిక కరుచుకుంది. తట్ట నెత్తిన పెట్టుకుని గబగబా పోయింది. ఎలిశబెతు లోపలికి పరుగెత్తి, తలుపు గడియ పెట్టి, సీసాలో మాత్రలు కంచంలో పోసి లెక్కపెట్టింది. ఇరవై రెండు. మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడూ అంతే.

అది మొదలు. రేషను కొట్టు దగ్గర వరసలో ఉన్నవాళ్లు ఆమెకు దారి ఇచ్చి తలలు వంచుకున్నారు. మసీదు పక్కన కోడిగుడ్లు అమ్మే ముసలాయన "పందొమ్మిది" అని నిట్టూర్చాడు. ఆసుపత్రికి వచ్చినవాళ్లు సూది వేయించుకున్నాక ఆమె చెయ్యి వదలకుండా అరనిమిషం పట్టుకుంటున్నారు.

అన్నింటికంటే భయపెట్టింది రెజీనా. చర్చిలో పాటల జట్టుకు ఆమే పెద్ద. ఎలిశబెతుది మేకగొంతని పదిహేనేళ్లుగా ప్రచారం చేస్తున్న మనిషి. ఆరేళ్ల కిందట అడిగి తీసుకుపోయిన ఇడ్లీ కుక్కరును తళతళలాడేట్టు తోమి తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"నీ సామాను నా దగ్గర ఉండకూడదు ఎలిశా. మనసు కొట్టుకుంటా ఉండాది."

"ఇప్పుడేం తొందరొచ్చింది?"

"పదిహేడు రోజులు ఎంతసేపు?" రెజీనా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నీ గొంతు బాగుండేది. నేనే కుళ్లుతో ఏదో ఒకటి అనేదాన్ని."

బాగుండేది! ఎలిశబెతు ఆ రోజంతా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఉన్న మనిషిని పట్టుకుని ఎవరైనా అట్లా అంటారా? అప్పుడు గమనించడం మొదలుపెట్టింది. అందరూ అట్లాగే మాట్లాడుతున్నారు. సిస్టరమ్మ చెయ్యి చల్లగా ఉండేది. సిస్టరమ్మ సూది వేస్తే నొప్పి తెలిసేది కాదు.

ఇంట్లో సుశీల్ కుమార్ తీరూ మారిపోయింది. పెళ్లైన ఇన్నేళ్లలో గ్లాసు కడగని మనిషి అంట్లు తోముతున్నాడు, చీరలు మడతపెడుతున్నాడు. తెల్లారి కళ్లు తెరిచేసరికి ఆమె చాప పక్కన గొంతుక్కూచుని ముఖంలోకి చూస్తుంటాడు. ఒక ఆదివారం తెల్లచీర కట్టుకోమని బతిమాలి, గోడకు ఆనించి నిలబెట్టి, సెల్‌ఫోన్లో ఫోటో తీశాడు.

"నవ్వు... మరీ అంత వద్దు."

"ఎందుకయ్యా ఫోటో?"

"పెద్దది చేయిస్తా," అని పెరట్లోకి వెళ్లిపోయాడు.

పదమూడు అన్న రోజున వడ్రంగి పెంచల్ వచ్చి గుమ్మానికి టేపు పెట్టాడు. కొత్త తలుపు చెయ్యమన్నాడట సుశీల్. గుమ్మం కొలిచాక పెన్సిలు చెవిలో దోపుకుని, ఆమె వైపు ఒకలా చూశాడు.

"సిస్టరమ్మా, రవ్వంత గుమ్మంలో నిలబడండి."

"తలుపుకు నేనెందుకన్నా?"

"ఎత్తు తెలవాలి గదమ్మా." తలమీద నుంచి మడమదాకా టేపు జార్చాడు. తర్వాత భుజాల వెడల్పు కూడా చూసుకున్నాడు. "ఐదూ రొండు," అని గొణుక్కుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వాకిలి దాటాడు.

ఇక ఆగలేక ఎలిశబెతు డాక్టరు గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసింది.

"డాక్టరమ్మా, ఈ మాత్రలు మింగితే మనుషులు అంకెలు చెప్పినట్టు వినపడతాదా?"

వినీల కంగారుపడి ఫోనులో వెతికింది. "తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, కలలు... అంకెలు లేవే. ఎవరు చెబుతున్నారు?"

"చేపల చెంచులక్ష్మి. గుడ్ల తాత. అందరూ. సీసాలో ఎన్ని ఉంటే అన్నీ చెబుతుండారు."

డాక్టరు ఆమె కనురెప్పలు ఎత్తి చూసింది. నాడి చూసింది. "మీరు సరిగ్గా నిద్రపోవడం లేదు, అంతే. ఏది ఏమైనా మాత్ర మాత్రం ఆపొద్దు. సగం దాటేశారు, ఇప్పుడు ఆపితే నేను ఊరుకోను."

ఆపొద్దంటే ఆపాలనే బుద్ధి పుడుతుంది మనిషికి. తనకు పిచ్చెక్కుతోందా అన్న అనుమానం మాత్ర మింగిన ప్రతిసారీ పెరిగింది. రోగం వస్తుందో రాదో తెలియదు, మతి పోతున్న సంగతి మాత్రం కళ్లకు కనపడుతోంది. రెండు మూడుసార్లు మాత్రను అరచేతిలో పెట్టుకుని రెండు గంటలు కొట్టేదాకా దాంతో గొడవపడింది. చివరికి మింగింది గాని ఆ మింగడంలో ధైర్యం లేదు, డాక్టరు మీద గౌరవం మాత్రమే ఉంది.

అయినా నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? పది మాత్రలు మిగిలిన రోజున ఒక పరీక్ష పెట్టాలనుకుంది. ఐదు మాత్రలు తీసి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆ డబ్బాను కుట్టుపని డబ్బాలో దారపుండల అడుగున దాచింది. సీసాలో ఐదే మిగిలాయి. ఆ మధ్యాహ్నం ఒకటి మింగితే నాలుగు. రేపు పొద్దున ఎవరైనా నాలుగన్నారా, ఎవరో దొంగతనంగా సీసాలో తొంగిచూస్తున్నట్టు. ఏమీ అనలేదా, ఇదంతా తన భ్రమ.

మర్నాడు చెంచులక్ష్మి ముసుగు సవరించుకుని, సానుభూతిగా చూసి అంది. "తొమ్మిదా తల్లీ?"

సీసాను చూసి చెప్పే లెక్క కాదన్నమాట. సీసాకు బయట, తన లోపల, ఇంకెక్కడో నడుస్తున్న లెక్క అది. సీసాలో మిగిలిన నాలుగూ అయ్యేదాకా ఎలిశబెతు ఎవరినీ పలకరించలేదు, ఎవరి ముఖమూ చూడలేదు. పొద్దునపూట తలుపు తీయడం మానేసింది. కిటికీ సందులోంచి చూస్తే మాత్రం రోడ్డవతల తెల్లబట్టలు కనపడుతూనే ఉన్నాయి.

సీసా ఖాళీ అయిన మర్నాడు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి, దాచిన ఐదింటి కోసం అల్మైరా తెరిచింది. కుట్టుపని డబ్బా లేదు. చీరలన్నీ లాగి పడేసింది. మంచం కింద చూసింది. ఎక్కడా లేదు. గడియారం ఒంటిగంట దాటింది.

"ఏందయ్యా, నా కుట్టుడబ్బా యాడ?"

సుశీల్ కుమార్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "మొన్ననే చర్చికి ఇచ్చినా. దారం తక్కువైందంట వాళ్లకి."

"ఏం కుడుతుండారు?"

ఆయన తువ్వాలు తీసి ముఖానికి కప్పుకున్నాడు. ఎలిశబెతు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఇరవై మూడు రోజులు మింగింది. కలల్ని ఓర్చుకుంది, పిచ్చిని ఓర్చుకుంది. ఇప్పుడు దారపుండల కింద పెట్టిన ఐదు మాత్రల కోసం అదంతా దండగ అయిపోతే? ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

చర్చి వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుట్టుమిషను చప్పుడు. ఆమె తలుపు తోయగానే ఆ చప్పుడు ఆగిపోయింది. చాప మీద ఆరేడుగురు ఆడవాళ్లు తెల్లబట్ట చుట్టూ కూర్చుని ఉన్నారు. ఫ్లోరమ్మ మిషను దగ్గర ఉంది. రెజీనా గుండీలు కుడుతోంది. చెంచులక్ష్మి కూడా ఒక మూల పూలు కడుతోంది. గది మధ్యలో రెండు బల్లల మీద పొడుగాటి చెక్కపెట్టె. దాని పక్కన పెంచల్, నోట్లో మేకులతో. పెట్టె మూత గోడకు ఆనించి ఉంది. దాని మీద నీలిరంగు అక్షరాలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి.

సహోదరి ఎలిశబెతు. ప్రభువునందు నిద్రించినది. దాని కింద వచ్చే బుధవారం తేదీ వేసి ఉంది.

ఆమె దగ్గరికి నడిచింది. ఎవరూ కదలలేదు. కలలో కూర్చున్నవాళ్లు ఎట్లా చూస్తారో సరిగ్గా అట్లాగే చూస్తున్నారు. ఇది కూడా కలేనేమో అనుకుని తన పేరులో మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. వేలికి నీలిరంగు అంటుకుంది.

"ఎవరిదన్నా ఈ పెట్టె?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

పెంచల్ నోట్లో మేకులు ఒక్కొక్కటే తీశాడు. "కొలతలు మీయే సిస్టరమ్మా. బుధవారానికి కావాలన్నారు."

"నేను పేరు చెప్పలేదు తల్లీ!" ఫ్లోరమ్మ లేచి నిలబడింది. "దేవుడు సాక్షి. పేరూ చెప్పలేదు, జబ్బూ చెప్పలేదు. ఒక సహోదరి కోసం గొలుసు ప్రార్థన అన్నా, అంతే."

గొలుసు ప్రార్థన ఎలిశబెతుకు తెలియనిది కాదు. ఒక చీటీ రోజుకొక ఇంటికి పోతుంది. ఆ పొద్దు ఆ ఇంటివాళ్లు ప్రార్థన చేసి పక్కింటికి అందిస్తారు.

"చీటీలో ఏం రాసినారు?"

"లెక్క తప్పకూడదని ఇరవై ఏడు అని రాసినా. పొద్దుకొకటి కొట్టేసి తగ్గించుకుంటా రమ్మన్నా. ఇంటికి ఎదురుగా నిలబడి చేస్తే ఇంకా మంచిదనింది రెజీనా."

"పేరు లేకపోతే నేనని ఎట్టా తెలిసింది?"

దానికి రెజీనా జవాబిచ్చింది. "చీటీ వెనకాల ఇళ్ల వరస రాసుండాది. అందరిళ్లూ ఉండాయి ఎలిశా, మీది తప్ప. దానికి పేరెందుకు?"

"సంతలో సగం ఊరికి నేనే చెప్పినాలే," అని ఒప్పుకుంది చెంచులక్ష్మి. "ఆఖరి దాకా డ్యూటీ చేస్తా ఉండాది మహాతల్లి అని."

ఎలిశబెతుకు అప్పుడు మొదట కలిగింది సంతోషం. తనకు పిచ్చి లేదు. ఆ తర్వాత వచ్చిన కోపానికి ఆ గది చాల్లేదు. "ఇరవై ఎనిమిది రోజులు నా ఆయుస్సు కాదు! మందు! మాత్రలు! అయిపోతే నేను బాగుంటాను!"

పెంచల్ ఒకసారి పెట్టెను, ఒకసారి ఆమెను చూసుకున్నాడు. "మరి దీన్నేం జెయ్యాలమ్మా? వేపచెక్క."

"దాచిపెట్టు. యాడికి పోతా నేను మాత్రం?"

ఆమె కుట్టుడబ్బా లాక్కుని దారపుండలు కుమ్మరించింది. ప్లాస్టిక్ డబ్బా దొరికింది. మూత తీసింది. లోపల నాలుగే ఉన్నాయి. ఐదుండాలి.

"ఒకటి ఎవరు తీసినారు?"

అందరూ బట్ట వైపు చూస్తున్నారు. అప్పుడామె నోటి దాకా ఒక అబద్ధం వచ్చింది. బలం మాత్రలు, పోతే పోనీ అనొచ్చు. అంతటితో ఊరు ఊరుగానే ఉంటుంది, ఆమె ఆమెగానే ఉంటుంది. కాని ఈ గదిలో ఎవరో ఏమిటో తెలియని మందు మింగి కూర్చున్నారు. వాళ్లకు ఏ జబ్బులున్నాయో, ఇంకేం మందులు వాడుతున్నారో! పద్దెనిమిదేళ్ల అలవాటు ఆ అబద్ధాన్ని గొంతులోనే ఆపేసింది.

"వినండి," అంది. "నా వేలికి సూది గుచ్చుకుంది. ఆ పేషంటుకు ఏముందో తెలవదు. హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే మాత్రలు ఇవి. ఎవరన్నా మింగి ఉంటే నాకు ఇప్పుడే చెప్పాలి."

చాప మీద మోకాళ్లు జరిగాయి. చప్పుడు కాకుండా, అందరివీ ఒకేసారి, ఒక జానెడు వెనక్కి. ఆమెను పెట్టెలో పడుకోబెట్టడానికి చేతులతో కొలుచుకుంటున్న మనుషులే! చావబోతోందనుకున్నప్పుడు ఇంటికొచ్చి చెయ్యి పట్టుకున్నవాళ్లు, బతుకుతుందని తెలిసి జరిగారు. ఎలిశబెతుకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్ని రోజులూ భయపడింది దీనికే.

అంతలో రెజీనా గావుకేక పెట్టింది. "నేనే మింగినా! మోకాళ్ల నొప్పికని మింగినా! నిన్న పొద్దున!"

అంతే, మోకాళ్లన్నీ ఈసారి రెజీనా నుంచి ఒక గజం వెనక్కి జరిగాయి. చాప మధ్యలో రెజీనా ఒక్కతే మిగిలిపోయి, చేతులు చాచి అందరి వంకా చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదో ఎలిశబెతుకు మాత్రమే తెలుసు. పోయి ఆమె పక్కన చతికిలబడి మణికట్టు పట్టుకుంది.

"ఇంకేం మందులు వాడుతుండావు?"

"ఏం లేవు. నేను చచ్చిపోతానా?"

"చావవు. ఇది జబ్బు తెచ్చే మాత్ర కాదే పిచ్చిదానా, రాకుండా ఆపేది. ఒక్కటి మింగితే ఏమీ కాదు. కాకపోతే అడక్కుండా ఇంకొకరి మందు మింగినావని డాక్టరమ్మ చేత తిట్టిస్తా."

రెజీనా ఆ చెయ్యి వదల్లేదు. ముందు ఫ్లోరమ్మ సిగ్గుపడింది. లేచి, కూజాలో నీళ్లు తన గ్లాసులోనే వంచి తెచ్చి ఎలిశబెతుకు అందించింది. సరిగ్గా రెండు గంటలకు ఎలిశబెతు మాత్ర మింగి, ఆ గ్లాసు తిరిగి ఇచ్చింది. మిగిలిన ఆడవాళ్లు మాత్రం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

తక్కువైన ఆ ఒక్క మాత్రను వినీల సాయంత్రం నెల్లూరు నుంచి తెప్పించింది. ఆ రోజు ఇంట్లో సుశీల్ కుమార్ సంగతంతా విని, గంటసేపు ఏడ్చి, తర్వాత కడగాల్సిన అంట్లు వదిలేసి పడుకున్నాడు. దాన్నిబట్టి ఆయన కుదుటపడ్డాడని ఎలిశబెతుకు అర్థమైంది.

సోమవారం పొద్దున ఆమె తొమ్మిదికే సూదుల గదిలో కూర్చుంది. తొమ్మిదిన్నర అయింది. పదైంది. ఒక్కరూ లోపలికి రాలేదు. పద్దెనిమిదేళ్లలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. దూది సర్దింది, మళ్లీ సర్దింది. కిటికీలోంచి చూస్తే గేటు బయట జనం. యాభైమందికి తక్కువ ఉండరు. గుంపుగా నిలబడి, ఆసుపత్రి వైపే చూస్తూ, గుసగుసలాడుకుంటున్నారు. ఒక్కరూ గేటు దాటడం లేదు. అయిపోయిందనుకుంది. బదిలీకి అర్జీ ఎట్లా రాయాలో మనసులోనే మొదలుపెట్టింది.

పదింబావుకు గుంపు చీలి రెజీనా బయటికి వచ్చింది. గేటు దాటింది. వరండా మెట్లు ఎక్కింది. పక్కనున్న కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"చూసినావా ఎలిశా?" అంది రెజీనా గది గుమ్మంలో నిలబడి, రొప్పుతూ. "నొప్పి లేదు! ఒక్క మాత్రకే! ఇంకొకటి ఇయ్యి."

ఆ మాటతో గుంపంతా గేటు తోసుకుని లోపలికి వచ్చింది. అందరి లెక్కా ఒకటే. ఇరవై ఎనిమిది రోజుల్లో పోవాల్సిన మనిషిని, పెట్టె కూడా తయారైన మనిషిని నిలబెట్టిన మాత్ర మోకాళ్లను నిలబెట్టదా? చాప మీద వెనక్కి జరిగినవాళ్లే ముందువరసలో ఉన్నారు. ఒకరికి నడుము, ఒకరికి ఆయాసం. ఎండలో పడున్న బల్లను ఎవరో వరండాలోకి లాక్కొచ్చి దాని మీద నలుగురు ముసలివాళ్లను కూర్చోబెట్టారు. వినీల బయటికి వచ్చి ఆ మాత్రలు అందుకు కావని అరిచి చెప్పింది.

"మీరు ఉండండి డాక్టరమ్మా," అన్నాడు గుడ్ల తాత చెయ్యి చాపి. "మాకు సిస్టరమ్మ చేత్తోనే కావాలి."

ఎలిశబెతు ఆ చేతి వంక చూసి నవ్వింది. నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకుని, తాత జబ్బకు బీపీ పట్టీ చుట్టింది.

ఇరవై ఎనిమిదో మాత్ర బుధవారం రెండు గంటలకు మింగింది. ఆరు వారాల పరీక్షలోనూ, మూడు నెలల పరీక్షలోనూ ఏమీ లేదని వచ్చింది. ఈలోగా వినీల పెంచల్ చేత ఒక పలక కొట్టించి ఆసుపత్రి గుమ్మం పక్కన తగిలించింది. మోకాళ్ల నొప్పులకు హెచ్ఐవీ మాత్రలు ఇవ్వబడవు.